బిర్రారుంగ్ వెంట, కొండల నుంచి ఉప్పునీటి దాకా

మెల్బోర్న్ నగరం మధ్యగా పారే యారా నదిని అక్కడి వురుంజెరి వోయ్ వురుంగ్ ప్రజలు బిర్రారుంగ్ అంటారు. పొడవు 242 కిలోమీటర్లు. గోదావరిని చూసిన కళ్లకు ఇది వాగులాగే కనిపించవచ్చు. కానీ కొండ ఏరు, వరద మైదానం, రాతి వంపులు, లావా కట్టిన అడ్డుకట్ట, ఉప్పునీరు ఎగదన్నే ముఖం అన్నీ ఒకదానికొకటి గంట, రెండు గంటల బస్సు ప్రయాణంలో దొరికే నదులు చాలా తక్కువ. విక్టోరియా రాష్ట్రంలో ఏడు, ఎనిమిది తరగతుల భూగోళంలో భూరూపాల పాఠం ఉంటుంది. ఆ భూరూపాలతో అబోరిజినల్ ప్రజలకు, అంటే అక్కడి ఆదివాసులకు ఉన్న సంబంధం కూడా అదే పాఠంలో భాగం. మెల్బోర్న్‌లో చదివే మన తెలుగు పిల్లలు కూడా ఏదో ఒక ఏడు టేపు, స్కేలు పట్టుకుని ఏదో ఒక ఏటి ఒడ్డున నిలబడతారు. వాళ్లకూ, వాళ్లను తీసుకెళ్లే ఉపాధ్యాయులకూ పనికొచ్చేలా ఈ ఐదు రోజుల దారిని రాస్తున్నాం.

అక్కడి వాళ్లు కంట్రీ అన్నప్పుడు నేల, నీరు, చెట్టు, చేప, పూర్వీకులు, వాటిపట్ల మనిషికున్న బాధ్యత అన్నీ కలిపి అంటారు. అందుకే నోటు పుస్తకంలో ఎడమ పేజీ కొలతలకు, కుడి పేజీ అక్కడి మనుషులకు కేటాయించాలి. ఒక్కో చోటు రెండు పేజీల్లోనూ నిండాలి. కొలతలన్నీ ఒక నివేదికగా, సంస్కృతి అంతా మరో నివేదికగా విడగొట్టే బడులున్నాయి. అలా చేస్తే ఈ నది సగం కూడా అర్థం కాదు.

బయలుదేరే ముందు

నెల ఎంచుకోవాలంటే మార్చి మేలు. అక్కడ అది ఎండాకాలం ముగింపు కాబట్టి ప్రవాహం తక్కువ, పైభాగంలో నీళ్లలోకి దిగి కొలవవచ్చు. వురుంజెరి రుతువుల లెక్కలో అది యుక్, అంటే మలుగు చేపల కాలం. నాలుగో రోజు చూసే మడుగుకు, ఐదో రోజు చూసే ఆనకట్టకు ఆ చేపే లంకె. జూన్, జూలైల్లో మంచు అందంగా ఉంటుంది గాని నీరు చల్లన, ఒరవడి ఎక్కువ. మార్చిలో పాములు ఇంకా తిరుగుతుంటాయి. పొడవాటి ప్యాంటు, చీలమండ దాకా వచ్చే బూట్లు తప్పనిసరి. అడవి మంటల హెచ్చరిక తీవ్రంగా ఉన్న రోజు పార్కులు మూసేస్తారు కాబట్టి మరో తేదీ చేతిలో ఉంచుకోవాలి.

అనుమతుల పని నెలల ముందే మొదలుపెట్టాలి. ఈ నదీ పరీవాహకంలో చాలా భాగానికి చట్టరీత్యా వారసత్వ బాధ్యత వహించేది వురుంజెరి వోయ్ వురుంగ్ కల్చరల్ హెరిటేజ్ అబోరిజినల్ కార్పొరేషన్. కంట్రీలోకి స్వాగతం పలికే హక్కు ఆ ప్రజల పెద్దలదే. ఉపాధ్యాయుడుగాని విద్యార్థిగాని చేయగలిగింది గౌరవపూర్వకంగా వాళ్ల నేలను గుర్తిస్తూ నాలుగు మాటలు చెప్పడం వరకే. ఈ రెండింటినీ కలిపేసి కార్యక్రమ పత్రంలో తప్పుగా అచ్చువేస్తుంటారు. పెద్దల సమయానికి రుసుము ఉంటుంది. పిల్లల చదువే కదా అని ఉచితంగా రమ్మనడం పద్ధతి కాదు. అది వాళ్ల వృత్తి, వాళ్ల జ్ఞానం.

ఐదుగురి బృందానికి 30 మీటర్ల టేపు ఒకటి, మీటరు స్కేళ్లు రెండు, స్టాప్‌వాచ్, నారింజలు మూడు, వాలు కొలిచే క్లినోమీటర్, నిలువు కర్రలు రెండు, కాలిపర్, నీటి మురికి చూసే పొడవాటి గొట్టం, పీహెచ్ మీటరు, విద్యుత్ వాహకత చూసే ఈసీ మీటరు, థర్మామీటరు, చేతివల, తెల్లటి ట్రే కావాలి. ఒడ్డున ఒకరి చేతిలో విసిరే తాడు ఎప్పుడూ ఉండాలి. ఈసీ మీటరును 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో, పీహెచ్ మీటరును 4, 7 ద్రావణాలతో ముందురోజు రాత్రే సరిచూడాలి. ఒడ్డుకొచ్చాక చూద్దాంలే అనుకుంటే మొదటి రోజు అంకెలన్నీ వృథా.

మొదటి రోజు: వార్బర్టన్

నది బా బా కొండల వైపు, యారా రేంజెస్ నేషనల్ పార్కులో పుడుతుంది. పుట్టుక చూడాలన్న కోరిక పిల్లలకు సహజం. అక్కడికి ఎవరినీ వెళ్లనివ్వరు. ఆ అడవులు మెల్బోర్న్ తాగునీటి కోసం మూసి ఉంచిన పరీవాహకాలు. ఇలాంటి అడవి నగరం చుట్టూ లక్షన్నర హెక్టార్లకు పైగా ఉంది. 1957లో పూర్తయిన అప్పర్ యారా జలాశయం సామర్థ్యం సుమారు 200 గిగాలీటర్లు, మన లెక్కలో 7 టీఎంసీలు. కింద మనం కొలిచే ప్రతి అంకె వెనక ఈ జలాశయం ఉంటుంది. కొండల్లో కురిసిన వానంతా నదిలోకి రావడం లేదన్న సంగతి మొదటి రోజే రాసుకోవాలి. నాలుగో రోజు దాని అవసరం పడుతుంది.

వార్బర్టన్ ఊళ్లో నది పక్కనే కాలిబాట ఉంది. చుట్టూ కొండల మీద ప్రపంచంలోనే ఎత్తైన పూలచెట్టు జాతి మౌంటెన్ యాష్. ఏటి అడుగున గులకరాళ్లు, మధ్యమధ్య గుండ్లు, నీరు తేటగా ఉంటుంది. పనుల వరుస ఇక్కడ చాలా ముఖ్యం. ముందు నీటి నమూనా, తర్వాత పురుగులు, ఆ తర్వాతే వెడల్పు, లోతు, వేగం. ఎవరైనా ముందే దిగి అడుగు కదిపితే బురద లేచి నీటి మురికి అంకె పాడవుతుంది. నమూనా పట్టేవాళ్లు ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, తమ కాళ్లకు ఎగువన సీసా ముంచాలి.

పురుగుల కోసం రాళ్ల మీదుగా నీరు గలగల పారే చోట వలను దిగువన నిలబెట్టి, ఎగువన కాళ్లతో రాళ్లు కదపాలి. వలలో పడ్డదాన్ని తెల్లటి ట్రేలో నీళ్లతో సహా ఒంపి జాతుల్ని గుర్తుపడతారు. ఆస్ట్రేలియాలో సిగ్నల్ అనే మార్కుల పద్ధతి వాడతారు. మురికిని అసలు తట్టుకోలేని స్టోన్‌ఫ్లై పిల్లలకు 10, మేఫ్లైలకు 9, కాడిస్‌ఫ్లైలకు 8, ఎక్కడైనా బతికే జలగలకు 1. సగటు తీస్తే నీటి ఆరోగ్యం తెలుస్తుంది. వార్బర్టన్‌లో పై మార్కుల జాతులు బాగా దొరుకుతాయి. పిల్లలు పెద్ద పురుగుల్నే ఏరి చిన్నవాటిని వదిలేస్తారు. ట్రేను రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే చిన్నవి వాటంతటవే కదిలి కనబడతాయి. లెక్క అయ్యాక అన్నిటినీ పట్టిన చోటే వదలాలి.

వెడల్పు కొలిచేటప్పుడు టేపు బిగువుగా, నీటికి కాస్త పైన, ప్రవాహానికి అడ్డంగా ఉండాలి. లోతును సమాన దూరాల్లో కనీసం పది చోట్ల తీయాలి. స్కేలు సన్నటి అంచు ప్రవాహం వైపు ఉండాలి. వెడల్పు ముఖం పెడితే నీరు ఎగదన్ని ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. వేగానికి నారింజే మంచి సాధనం. ముప్పాతిక వంతు మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని తోయలేదు. ప్లాస్టిక్ బంతి, ఎండుటాకు గాలివాటున పోతాయి. 10 మీటర్ల దూరం గుర్తుపెట్టి ఎడమ, మధ్య, కుడి వైపుల్లో ఐదేసి సార్లు వదలాలి. వచ్చిన వేగాన్ని 0.85తో హెచ్చించాలి. అడుగు రాపిడి వల్ల లోపలి నీరు పైనీటి కన్నా నెమ్మదిగా పోతుంది.

ఒక ఉదాహరణ. వెడల్పు 12 మీటర్లు, సగటు లోతు 0.4 మీటర్లు, పైనీటి వేగం సెకనుకు 0.6 మీటర్లు అనుకుందాం. అడ్డుకోత వైశాల్యం 4.8 చదరపు మీటర్లు, సవరించిన వేగం 0.51, ప్రవాహం సెకనుకు 2.45 ఘనపు మీటర్లు. మన కాలవల భాషలో సుమారు 86 క్యూసెక్కులు. మెల్బోర్న్‌లో రోజుకు మెగాలీటర్లలో చెబుతారు కాబట్టి 86.4తో హెచ్చిస్తే దాదాపు 212 వస్తుంది. ఆ సాయంత్రమే మెల్బోర్న్ వాటర్ సంస్థ వెబ్‌సైటులో దగ్గరి కొలత కేంద్రం అంకెతో పోల్చాలి. 20 శాతం లోపు తేడా అయితే పిల్లలు బాగా చేసినట్టే. ఇంకా ఎక్కువ తేడా వస్తే ముందు లోతు పట్టికను అనుమానించండి. తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

గులకరాళ్లు ఏరేటప్పుడు కళ్లు మూసుకుని వేలు పెట్టి, తగిలిన రాయినే తీయాలి. కళ్లు తెరిచి ఏరితే నున్నగా ఉన్నవే చేతికొస్తాయి. 30 రాళ్ల పొడవు కాలిపర్‌తో కొలిచి, గుండ్రదనాన్ని ఆరు తరగతుల బొమ్మల అట్టతో పోల్చాలి. చూసిన రాళ్లు తిరిగి ఏట్లోకే. పారే నీరు మోకాలు దాటితే ఎవరూ దిగకూడదు. ఈ నియమానికి మినహాయింపు లేదు.

రెండో రోజు: కొరాండర్క్

లోయ వెడల్పవుతుంది. హీల్స్‌విల్ దగ్గర బ్యాడ్జర్ క్రీక్ వచ్చి యారాలో కలుస్తుంది. 1863లో వురుంజెరి నాయకులు సైమన్ వోంగా, విలియం బారక్ తమ ప్రజల్ని వెంటబెట్టుకుని కొండలు దాటొచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆ నివాసమే కొరాండర్క్. కులిన్ ప్రజలు, అంటే వురుంజెరి వాళ్లూ వాళ్ల ఇరుగుపొరుగు అబోరిజినల్ ప్రజలూ, తామే ఎంచుకున్న చోటు కావడం దాని ప్రత్యేకత. ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే సంగమం దగ్గర నిలబడి చూడాలి. ఏడాది పొడవునా నీరిచ్చే వాగు, దాని పక్కన ఒండ్రు మెట్ట, వరద రానంత ఎత్తులో ఇళ్లకు చోటు. అక్కడ వాళ్లు పశువులు పెంచారు, గోధుమ, కూరగాయలు, ముఖ్యంగా బీరు తయారీలో వాడే హాప్స్ పండించారు. హాప్స్‌కు లోతైన, నీరు నిలవని ఒండ్రు కావాలి. కొరాండర్క్ హాప్స్ మెల్బోర్న్ ప్రదర్శనలో బహుమతి గెలిచాయి.

ఆ నేల బాగుండటమే వాళ్లకు చేటయింది. చుట్టుపక్కల భూస్వాముల కన్ను పడింది. అందర్నీ తరలించి స్టేషన్‌ను, అంటే ఆ నివాసాన్ని, మూసేయాలని అబోరిజినల్ ప్రజల వ్యవహారాలు చూసే ప్రభుత్వ రక్షణ బోర్డు చూసింది. కొరాండర్క్ వాసులు ఊరుకోలేదు. అర్జీలు రాశారు, మంత్రుల్ని కలవడానికి అరవై కిలోమీటర్లకు పైగా నడిచి మెల్బోర్న్ వెళ్లారు. 1881లో ప్రభుత్వం విచారణ జరిపింది. అబోరిజినల్ సాక్షులు స్వయంగా చెప్పిన మాటలు అందులో నమోదయ్యాయి. ఇవాళ అవి చదవడానికి దొరుకుతాయి. వాటిలో కొన్ని పేజీలైనా చదవకుండా పిల్లల్ని ఇక్కడికి తీసుకురాకూడదని మా గట్టి అభిప్రాయం. ఆ మాటలు విన్న పిల్లలు తోటలకేసి చూసే తీరే మారుతుంది.

విచారణలో వాళ్ల పక్షం నిలిచినా, 1886లో వచ్చిన చట్టం మిశ్రమ సంతతి అన్న పేరుతో 35 ఏళ్ల లోపు వాళ్లను స్టేషన్ నుంచి వెళ్లగొట్టింది. పొలం పనిచేసే చేతులే లేకుండా పోయాయి. ఆ తర్వాత భూమిని కోసి పంచారు. బారక్ 1903లో ఇక్కడే కన్నుమూశారు. 1924లో స్టేషన్ మూసేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ భూమిని యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఇచ్చారు. 1990ల చివర్లో కొంత భాగం తిరిగి వారసుల చేతికొచ్చింది. అది వాళ్ల సొంత స్థలం, శ్మశానం వాళ్ల కుటుంబాలది. ముందుగా అడిగి, వాళ్లు రమ్మన్న రోజున, రమ్మన్న చోటికే వెళ్లాలి. సమాధుల ఫొటోలు తీయకూడదు.

మధ్యాహ్నం యారా గ్లెన్ వైపు వరద మైదానం. ఎత్తైన చోటు నుంచి నది వంపుల్ని, విడిపోయిన పాత పాయల్ని కాగితం మీద గీయించాలి. ఫోన్ ఫొటో ఆ పని చేయదు. గీసేటప్పుడే పిల్లలకు వంపు లోపలి వైపు మేట, బయటి వైపు కోత తేడా కంటికి అందుతుంది. తర్వాత ఉపగ్రహ చిత్రం మీద నది నడిచే పొడవును నేరుగా ఉన్న దూరంతో భాగించాలి. 1.5 దాటితే మెలికల నది అంటారు. రోడ్డు పొడవునా కొలిచి నది పొడవు అనుకోవడం తరచూ జరిగే తప్పు.

నేల చూడాలన్నా గుంత తవ్వకండి. విక్టోరియాలో పేరున్న ఏ ఏరుకైనా 200 మీటర్ల లోపు నేల సాంస్కృతిక వారసత్వం ఉండగల ప్రాంతంగా నిబంధనల్లో ఉంది. పైగా 2006 నాటి అబోరిజినల్ హెరిటేజ్ చట్టం కింద పురావస్తువుల్ని కదపడం నేరం. నదే కోసిపెట్టిన గట్టు ముఖం చాలు. పిడికెడు మట్టిని తడిపి వేళ్ల మధ్య పట్టీలా సాగదీయాలి. 5 సెంటీమీటర్లు దాటి తెగకుండా సాగితే బంకమట్టి, వెంటనే విరిగిపోతే ఇసుక. చెక్కిన రాతి ముక్కలాంటిది కనబడితే ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టు వదిలి, ఉపాధ్యాయుడి ద్వారా అధికారులకు తెలపాలి.

మూడో రోజు: వారన్‌డైట్

యెరింగ్ దగ్గర నది మైదానం వదిలి రాతిలోకి దిగుతుంది. ఇక్కడి రాళ్లు నలభై కోట్ల ఏళ్లకు పైబడిన సైలూరియన్ ఇసుకరాయి, బురదరాయి. పక్కకు ఒత్తిడి పడి మడతలు పడ్డాయి. నది ఆ రాతిలోనే మెలికలు తిరుగుతుంది కాబట్టి వంపులు సులువుగా జరగవు. యారా గ్లెన్ వంపులకూ వీటికీ తేడా ఏమిటని పిల్లల్ని అడిగి, జవాబు ఒడ్డునే రాయించాలి.

పౌండ్ బెండ్ దగ్గర వంపు మెడ చాలా సన్నం. 1851లో ఈ ప్రాంతంలో బంగారం బయటపడింది. 1870లో ఒక గనుల కంపెనీ ఆ మెడకు అడ్డంగా 145 మీటర్ల సొరంగం తొలిచింది. నీటిని అందులోకి మళ్లిస్తే మూడు కిలోమీటర్లకు పైగా ఏటి అడుగు బయటపడుతుంది, బంగారం ఏరుకోవచ్చని లెక్క. పెద్దగా దొరకలేదు. సొరంగంలో నేటికీ నీరు పారుతూనే ఉంది. ఎగువ ముఖం దగ్గర నీరు లోపలికి లాగుతుంది. ఈత కొట్టబోయి ప్రాణాలు పోయిన చోటు ఇది. పిల్లలు చూసే వేదిక దాటకూడదు, నారింజలు కూడా ఇక్కడ వద్దు. వాటి వెనక ఎవరో ఒకరు దిగుతారు.

కుడి పేజీలో రాయాల్సింది మరొకటుంది. బంగారం కోసం జనం ఎగబడుతున్న కాలంలోనే, 1852లో, కులిన్ ప్రజలు పెద్ద ఎత్తున ఇక్కడ కూడారు. ఈ చుట్టుపక్కల అంత పెద్ద కూడిక మళ్లీ జరగలేదని స్థానిక చరిత్ర చెబుతుంది. ఏటి అడుగును తిరగేసిన ఏళ్లూ, ఆ ఏటి మనుషుల్ని కదిలించిన ఏళ్లూ ఒకటేనని కాలరేఖ గీస్తే పిల్లలే పట్టుకుంటారు. సాయంత్రం వెలుగు తగ్గే వేళ నిశ్శబ్దంగా కూర్చుంటే బాతు ముక్కులాంటి మూతి ఉన్న నీటి జంతువు ప్లాటిపస్ కనబడవచ్చు. నీటి మీద వలయాలు ఒకే చోట మళ్లీ మళ్లీ లేస్తుంటే అటే చూడండి.

నాలుగో రోజు: బులీన్

రాతి ఇరుకు దాటగానే నది మళ్లీ విశాలమైన పల్లంలోకి వస్తుంది. నగరం నడుమ ఇంత వరద మైదానం ఎలా వచ్చింది? లక్షల ఏళ్ల కిందట డేర్‌బిన్ క్రీక్ లోయ వెంట దిగిన లావా నదికి అడ్డుపడింది. వెనక నీరు నిలిచి సరస్సయింది, సరస్సు అడుగున ఒండ్రు పేరుకుంది. నది కొత్త దారి కోసుకున్నాక మిగిలిన పల్లమే బులీన్, హైడెల్‌బర్గ్ మైదానం. భూవిజ్ఞాన పటం మీద బసాల్ట్ (గట్టిపడిన లావా రాయి) రంగును, ఎత్తుల పటం మీద పల్లాన్ని ఒకదానిపై ఒకటి పెడితే ఇది తేటతెల్లం. ఈ ఒక్క అభ్యాసానికి గంట కేటాయించినా దండగ కాదు.

ఆ పల్లంలోనే బోలిన్ బోలిన్ మడుగు. విడిపోయిన పాత నదీ పాయ. వరద వచ్చినప్పుడు నిండుతుంది, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. పొట్టి రెక్క మలుగు చేపలకు అలాంటి చోటంటే ఇష్టం. ఈ చేప ఎక్కడో ఉత్తరాన కోరల్ సముద్రంలో పుడుతుంది. గాజులా పారదర్శకంగా ఉండే పిల్లలు సముద్ర ప్రవాహాల వెంట దక్షిణానికి కొట్టుకొచ్చి నదుల్లోకి ఎగబాకుతాయి. పదేళ్లు, ఇరవయ్యేళ్లు మంచినీటిలో పెరిగి, కొవ్వు పట్టి, మళ్లీ అంత దూరం తిరిగెళ్లి గుడ్లుపెట్టి చనిపోతాయి. అలా కొవ్వెక్కి సముద్రం వైపు కదిలే రోజులే మార్చి. కులిన్ ప్రజలు ఆ వేళకు బోలిన్ దగ్గర చేరేవాళ్లు. వందల మందికి వారాల తరబడి తిండి దొరికే చోటు కావడం వల్లే పెళ్లిళ్లు, తగవుల తీర్పులు, ఆచారాలు అక్కడ జరిగేవి. లావా అడ్డుకట్ట, దాని వెనక ఒండ్రు, ఒండ్రులో మడుగు, మడుగులో చేప, చేప కోసం కూడిన జనం. ఈ వరుసను ఒకే బొమ్మగా గీయించండి.

ఇప్పుడు మొదటి రోజు రాసుకున్న జలాశయం దగ్గరికి రండి. ఎగువన నీరు ఆగడంతో చిన్న, మధ్యస్థ వరదలు తగ్గాయి. నది అడుగు కూడా కోసుకుపోయి, మడుగు గుమ్మం, అంటే నది నీరు లోపలికి దిగే అంచు, ఎత్తుకు నీరు చేరడం అరుదైంది. అందుకే ఇటీవలి సంవత్సరాల్లో వురుంజెరి ప్రజలు, మెల్బోర్న్ వాటర్ కలిసి పంపులతో ఈ మడుగుకు నీరు పెడుతున్నారు. ఎప్పుడు, ఎంత అన్నది రుతువును బట్టి నిర్ణయిస్తారు. వురుంజెరి కార్పొరేషన్‌కు నారప్ అనే సొంత భూ సంరక్షణ బృందం ఉంది. కలుపు తీయడం, నాటడం, సంప్రదాయ పద్ధతిలో చల్లటి మంట (తక్కువ వేడితో మెల్లగా పాకే మంట) పెట్టడం వాళ్ల పనులు. ఆ బృందం మాట్లాడటానికి ఒప్పుకుంటే మిగతా కార్యక్రమం కుదించైనా సరే వినాలి.

పిల్లలు చేయాల్సిన కొలత తేలికైనదే. మడుగు గుమ్మానికీ, నది నీటి మట్టానికీ ఎత్తు తేడా. రెండు నిలువు కర్రలు, క్లినోమీటర్ చాలు. ఒక కర్ర మీద కంటి ఎత్తును గుర్తుపెట్టి, రెండో కర్ర మీద అదే గుర్తును చూసి కోణం చదవాలి. చూసే పిల్లవాడి ఎత్తు గుర్తుతో సరిపోకపోతే కోణమంతా తప్పు. తేడా తెలిశాక కొలత కేంద్రం పాత మట్టాల పట్టిక తీసి, ఏటా ఎన్ని రోజులు నది ఆ ఎత్తు దాటిందో లెక్కపెట్టించాలి. ఇంటర్నెట్ నుంచి దించిన ఏ గ్రాఫు కన్నా ఆ జవాబు పిల్లలకు బాగా గుర్తుంటుంది.

దగ్గర్లోనే హైడీ కళా సంగ్రహాలయం ఆవరణలో యింగాబీల్ అనే నదీ ఎర్ర గమ్ చెట్టు (యూకలిప్టస్ జాతి) ఉంది. శతాబ్దాల వయసున్న ఆ చెట్టు కాండం మీద బెరడు తీసిన మచ్చ ఉంది. ఇలాంటి మచ్చల్ని గుర్తించడం నేర్పాలి. మనిషి తీసిన మచ్చ సాధారణంగా కోలగా, రెండు వైపులా సమంగా, నేలకు కాస్త ఎత్తులో మొదలవుతుంది. అంచుల చుట్టూ బెరడు మందంగా తిరిగి పెరిగి ఉంటుంది. మంట చేసిన మచ్చ చెట్టు మొదలు దగ్గర నేలనంటి త్రికోణంగా ఉంటుంది. కొమ్మ విరిగిన చోట పైన ముడి కనబడుతుంది. నిర్ధారించే పని మాత్రం వురుంజెరి నిపుణులది. చెట్టు కొమ్మల నీడ పరిధిలోకి వెళ్లకూడదు. వేళ్లు నలుగుతాయి, పైగా ఎర్ర గమ్ కొమ్మలు గాలి లేకున్నా విరిగిపడతాయి. నమోదు కాని మచ్చ చెట్టు ఎక్కడైనా కనబడితే దాని స్థానాన్ని ఆన్‌లైన్‌లో పెట్టకండి.

ఐదో రోజు: డైట్స్ ఫాల్స్ నుంచి నదీముఖం దాకా

విక్టోరియా పార్క్ స్టేషన్‌లో దిగి నడిస్తే డైట్స్ ఫాల్స్. మెర్రి క్రీక్ ఇక్కడ యారాలో కలుస్తుంది. ఒక ఒడ్డున సుమారు 8 లక్షల ఏళ్ల కిందట మెర్రి లోయ వెంట దిగిన బసాల్ట్, ఎదురొడ్డున సైలూరియన్ రాతి గోడ. నది ఈ రెండింటి అతుకు వెంట పోతోంది. 1840లలో పిండిమర కోసం ఇక్కడ అడ్డుకట్ట వేశారు. అదే చుట్టుపక్కల ఆ దశాబ్దంలో కులిన్ పిల్లల కోసం ఒక బడి నడిచింది, వురుంజెరి నాయకుడు బిల్లిబెల్లరీ మొదట దానికి అండగా నిలిచారు. ఇప్పటి ఆనకట్ట పక్కన చేపలు ఎక్కే మెట్ల దారి ఉంది, 2012 నాటికి కొత్తగా కట్టారు. మడుగు చేరాల్సిన గాజు మలుగులు దాటాల్సిన గుమ్మం ఇదే. ఆనకట్ట కింది సుడి చూడటానికి మామూలుగా ఉంటుంది, మనిషిని పైకి రానివ్వదు. రాళ్ల మీదికి వెళ్లనివ్వకండి.

ఇక్కడి నుంచి కిందికి నదిలో ఆటుపోట్లున్నాయి. ఒకప్పుడు అలా కాదు. నగరంలో ఇప్పటి క్వీన్స్ బ్రిడ్జ్ ఉన్న చోట రాతి అడ్డు ఉండేది, దానికి దిగువన ఉప్పునీరు, ఎగువన మంచినీరు. కులిన్ ప్రజలు నది దాటే చోటు అదే. 1835లో వచ్చిన వలసదారులు ఊరు కట్టడానికి అదే చోటు ఎంచుకోవడానికి కారణం ఆ మంచినీరే. 1883లో వరదలు తగ్గించడానికి, ఓడల కోసం ఆ రాతిని పేల్చేశారు. 1886లో తెరిచిన కూడ్ కాలువ నది చివరి వంపును కోసేసింది. పాత పటాన్ని నేటి ఉపగ్రహ చిత్రం మీద పరచి, రెండో రోజు నేర్చిన మెలిక లెక్క మళ్లీ చేయిస్తే నది ఎంత పొట్టిదయిందో అంకెల్లో వస్తుంది.

మిగిలిన కొలత ఉప్పునీటి పొర. తేలే పంటు మీద నుంచి ఈసీ ప్రోబును బరువు కట్టి దించి, ప్రతి అర మీటరుకు 30 సెకన్లు ఆగి చదవాలి. బరువు లేకపోతే ప్రవాహం దాన్ని పక్కకు లాగుతుంది, 3 మీటర్లనుకున్నది 2 మీటర్లే అవుతుంది. పైన వందల మైక్రోసీమెన్స్ ఉన్న అంకె కొంత లోతులో వేలల్లోకి ఎగబాకుతుంది. సముద్రపు నీటికి అది 50,000 దగ్గర. బరువైన ఉప్పునీరు అడుగున మేకులా ఎగువకు చొచ్చుకొస్తుంది. గాలితో కలవదు కాబట్టి అక్కడ ఆక్సిజన్ పడిపోతుంది. ముందురోజు వాన పడితే పొర కిందికి జరుగుతుంది. కాబట్టి నదీముఖం దగ్గరి విలియమ్స్‌టౌన్ పోటు వేళలు, గత మూడు రోజుల వర్షపాతం ఆ పట్టిక పక్కనే రాయాలి. అవి లేని ఈసీ పట్టిక దేనికీ పనికిరాదు.

నివేదికల్లో తరచూ వచ్చే రెండు తప్పులు ముందే సరిదిద్దుకోవాలి. 2017లో విక్టోరియా పార్లమెంటు చేసిన చట్టం పేరులోనే వోయ్ వురుంగ్ భాష ఉంది, విలిప్ గిన్ బిర్రారుంగ్ ముర్రోన్. అది నదిని ఒకే సజీవ, సమగ్ర ప్రకృతి అస్తిత్వంగా గుర్తించింది. న్యూజిలాండ్ వాంగనుయి నదికి ఇచ్చినట్టు చట్టపరమైన వ్యక్తి హోదా మాత్రం ఇవ్వలేదు. నది తరఫున మాట్లాడటానికి బిర్రారుంగ్ కౌన్సిల్ ఏర్పాటుచేసింది, అందులో వురుంజెరి సభ్యులుంటారు. రెండోది, నదంతా వురుంజెరి కంట్రీ అని రాసేయడం. 2021లో ఖరారైన హద్దు ప్రకారం నగర కేంద్రం వురుంజెరి వైపు, దానికి దక్షిణాన ఆల్బర్ట్ పార్క్, సెయింట్ కిల్డా బునురోంగ్ వైపు. సముద్రం దగ్గర పని ఉంటే బునురోంగ్ ల్యాండ్ కౌన్సిల్‌ను విడిగా సంప్రదించాలి.

తిరిగొచ్చాక కుడి పేజీలన్నీ ఒకసారి చదవాలి. పెద్దలు చెప్పిన కథ ఏదైనా ఉంటే, ఎవరు చెప్పారు, తరగతి గది వరకేనా, బయట పంచుకోవచ్చా అన్నది పక్కనే ఉండాలి. అనుమతి స్పష్టంగా లేకపోతే పోస్టరులో, వీడియోలో పెట్టకూడదు. ఎడమ పేజీల అంకెల్ని వాటర్‌వాచ్ అనే స్వచ్ఛంద నీటి పరిశీలన కార్యక్రమానికి ఇవ్వవచ్చు, తేదీ, వేళ, మీటరు సరిచూసిన వివరంతో సహా. నివేదిక అచ్చుకు వెళ్లే ముందు ఒక ప్రతి కార్పొరేషన్‌కు పంపి, వాళ్లు చదివి చెప్పడానికి కనీసం నాలుగు వారాల గడువు ఉంచండి.